ట్యాగుకు అర్థం రాస్తే చాలా, దానితో ఏం చేయాలో కూడా రాయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. పోటీ పరీక్షల ప్రశ్నల బ్యాంకు కోసం మీ ఆఫీసులో సొంతంగా ఎక్స్‌ఎంఎల్ ట్యాగులు తయారు చేసుకుంటున్నారు. (పాఠంలో ఏ భాగం ఏమిటో చెప్పే గుర్తులే ట్యాగులు, వాటిని రాసే పద్ధతి ఎక్స్‌ఎంఎల్.) 'జవాబు' అనే ట్యాగు దగ్గర పేచీ వచ్చింది. "ఇది ప్రశ్నకు జవాబు అని రాస్తే చాలు, మిగతాది సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు చూసుకుంటారు" అని ఒకరు, "నొక్కితేనే కనబడాలి అని స్పెక్‌లోనే రాసెయ్యాలి" అని ఇంకొకరు. స్పెక్ అంటే ఏ ట్యాగు దేనికో రాసుకునే నియమాల పత్రం. ఎవరి మాట సరైనదని అడిగారు.

నేను హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. బేగంపేటలో ఒక ఆఫీసులో విదేశీ జర్నళ్ల పీడీఎఫ్‌లను ఎక్స్‌ఎంఎల్‌లోకి మార్చడంతో మొదలుపెట్టి, తర్వాత తెలుగు పుస్తకాల వైపు వచ్చాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. స్పెక్‌లో అర్థమే రాయాలి. కానీ ఆ ట్యాగును పట్టించుకోకపోతే చదివేవాళ్లకు ఏం నష్టమో ఆ అర్థంలోనే తెలిసిపోవాలి. ఆ నష్టం జరగకుండా ఆపే కనీస నియమం ఒకటి దాని పక్కనే ఉండాలి. ఎక్కడ కనబడాలి, ఎంత సైజులో కనబడాలి, నొక్కాలా జరపాలా అన్నవి స్పెక్‌లో ఉండకూడదు. ఇది నేను రెండుసార్లు తప్పు చేసి నేర్చుకున్న సంగతి. ఆ రెండూ చెబుతాను, మీ పేచీ అక్కడే తేలుతుందని నా నమ్మకం.

కొన్నేళ్ల కిందట ఒక ప్రచురణ సంస్థ తమ పోటీ పరీక్షల పుస్తకాలను మాకిచ్చింది. అన్నీ అనూ అనే పాత తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైళ్లు. వాటిని ఏ కంప్యూటరైనా చదవగలిగే యూనికోడ్‌లోకి, అక్కడి నుంచి ఎక్స్‌ఎంఎల్‌లోకి మార్చాలి. ఒకే ఫైలు నుంచి అచ్చు పుస్తకం, ఈబుక్, చూపులేని విద్యార్థుల కోసం ఆడియో, మూడూ రావాలి. ట్యాగుల జాబితా రాసింది నేనే. పేర్లన్నీ తెలుగులోనే పెట్టాం, ఎక్స్‌ఎంఎల్‌లో దానికి ఏ అడ్డూ లేదు. అందులో 'గమనిక' ఒకటి. దానికి నేను రాసిన నిర్వచనం: "ప్రధాన పాఠానికి అదనంగా ఇచ్చే సమాచారం." రాసిన రోజు అది చాలా శుభ్రంగా కుదిరిందనిపించింది.

అచ్చు చూసేవాళ్లు గమనికలన్నీ తీసుకెళ్లి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పెట్టారు. ఈబుక్ చేసేవాళ్లు చుక్క గుర్తు నొక్కితే తెరుచుకునే చిన్న పెట్టెలో పెట్టారు. ఆడియో చేసేవాళ్లు మొత్తానికే తీసేశారు. "అదనం అని మీరే రాశారు కదా, పాఠం మధ్యలో అడ్డు తగులుతోందని వదిలేశాం" అన్నారు. ముగ్గురూ స్పెక్‌ను తు.చ. తప్పకుండా పాటించినవాళ్లే.

ఆడియో ఎలా ఉందో వినేవాళ్లనే అడుగుదామని ఒకరోజు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లాను. గ్రూప్స్‌కు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి సీటు పట్టుకునే చోటు అది. చూపులేని ఒక కుర్రాడు బయట కూర్చుని మా ఆడియోనే వింటున్నాడు. ఒక చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి నాకిచ్చాడు. నీటిపారుదల అధ్యాయం, పట్టిక నడుస్తోంది. "పన్నెండు పాయింట్ నాలుగు. తొమ్మిది పాయింట్ ఎనిమిది. పదిహేను పాయింట్ ఒకటి." అతను ఆపి, "ఇవేందన్నా? శాతాలా, ఎకరాలా, కోట్లా?" అన్నాడు. నా సంచిలో అచ్చు పుస్తకం ఉంది. తీసి చూస్తే పట్టిక కింద సన్నటి అక్షరాల్లో ఉంది: 'గమనిక: అంకెలన్నీ లక్షల ఎకరాల్లో.' చదివి వినిపించాను. "మూడు నెలల సంది పర్సెంటేజీ అనుకొని చదువుతున్న" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

అర్థం రాస్తే చాలు అనేవాళ్లకు నా మొదటి మాట ఇదే. అర్థం రాశాను అనుకున్నాను, నిజానికి నేను రాసింది ఒక పేరుకు ఇంకో పేరు. 'గమనిక అంటే అదనపు సమాచారం' అన్న వాక్యం ఎవరినీ దేని నుంచీ ఆపదు. ఆ వాక్యం పక్కన పెట్టుకుని ఏం చేసినా సరిపోతుంది.

ఆఫీసుకు తిరిగొచ్చి, ఆ బాధలోనే, రెండో తప్పు చేశాను. స్పెక్ అంతా మళ్లీ రాశాను. ఈసారి ప్రతి ట్యాగుకూ ఏం చేయాలో రాశాను. "గమనికను పట్టిక కింద, ఎడమ అంచుకు, 8 పాయింట్ అక్షరాల్లో ఇవ్వాలి." ఇలాంటివి పేజీలకు పేజీలు. డీటీపీ వాళ్లు సంతోషించారు, అడగాల్సిన ప్రశ్నలే లేవు. కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత తక్కువ చూపు ఉన్నవాళ్ల కోసం పెద్ద అక్షరాల ఎడిషన్ మొదలైంది. పాఠం 18 పాయింట్‌లో వచ్చింది, గమనిక 8 పాయింట్‌లోనే వచ్చింది. ఇదేంటని అడిగితే ఆ ఎడిషన్ చేస్తున్న వెండర్ నా స్పెక్ తెరిచి, నా వాక్యమే నాకు చూపించాడు. ఆడియో వాళ్లు 'కింద' అన్న మాటను 'తర్వాత' అని తీసుకున్నారు, ఇంకెలా తీసుకుంటారు? నలభై అంకెలు చదివాక, చివర్లో "అంకెలన్నీ లక్షల ఎకరాల్లో" అని వినిపించింది. వినేవాడు మళ్లీ మొదటికి వెళ్లి వినాలి. అచ్చులో కన్ను క్షణంలో కిందకు దిగి పైకి వస్తుంది, చెవి అలా వెళ్లలేదు.

మూడోసారి రాసినప్పుడు 'గమనిక' అనే ట్యాగునే తీసేశాం. దాని కింద ఉన్నవన్నీ తెరిచి చూస్తే మూడు రకాలు తేలాయి. అంకెల కొలత చెప్పేవి, సమాచారం ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పేవి, నిజంగానే అదనంగా ఉన్న ముచ్చట్లు. మూడింటికీ మూడు ట్యాగులు. 'కొలత' ట్యాగుకు ఇలా రాశాం: "పట్టికలోని అంకెలను ఏ కొలతలో చదవాలో చెప్పేది. ఇది తెలియకుండా ఆ అంకెలకు అర్థం లేదు. కాబట్టి అంకెలు చదువరికి అందేటప్పటికే ఇది అంది ఉండాలి లేదా వాటితో పాటు కనబడుతూ ఉండాలి." ఇందులో సైజు లేదు, కింద పైన లేదు. అచ్చులో పట్టిక శీర్షిక పక్కన వేశారు. ఫోన్‌లో పట్టికను పక్కకు జరిపినా మొదటి వరుస కదలకుండా నిలబడేలా చేసి అందులో పెట్టారు. ఆడియోలో పట్టిక మొదలయ్యే ముందు చదివారు. ఎవరికీ ఎలా చేయాలో మేం చెప్పలేదు.

ఈ వాదన మన ఆఫీసుల్లో పుట్టింది కాదు, ఈ రంగం మొదలైనప్పటి నుంచీ ఉంది. 1969లో ఐబీఎంలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ కలిసి జీఎంఎల్ అనే ట్యాగుల భాష తయారు చేశారు. లాయర్ల ఆఫీసు పత్రాల కోసం మొదలైన పని అది. అప్పటిదాకా ఫైల్లో 'ఇక్కడ ఒక వరుస వదులు', 'దీన్ని మధ్యకు జరుపు' లాంటి ఆజ్ఞలు ఉండేవి. వాళ్లు ఆ ఆజ్ఞలు తీసేసి 'ఇది శీర్షిక', 'ఇది పేరా' అని పేర్లు పెట్టారు. ఏ శీర్షిక ఎలా ముద్రించాలో వేరే చోట రాసుకున్నారు. అదే 1986లో ఎస్‌జీఎంఎల్ అనే అంతర్జాతీయ ప్రమాణమైంది, దాని నుంచే వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్, మీరు వాడే ఎక్స్‌ఎంఎల్ వచ్చాయి.

పేరుకూ పనికీ మధ్య ఆ గీత వాళ్లు గీయకపోతే తెలుగువాళ్లం ఇవాళ ఇబ్బంది పడేవాళ్లం. హెచ్‌టీఎంఎల్‌లో మాటను ఒత్తి చెప్పడానికి 'ఈఎం' ట్యాగు ఉంది కదా. బ్రౌజర్లు దాన్ని ఇటాలిక్‌లో చూపిస్తాయి. ఇంగ్లిష్‌లో ఇటాలిక్ అంటే విడిగా గీసిన అక్షరం, దానికి వందల ఏళ్ల సంప్రదాయం ఉంది. చాలా తెలుగు ఫాంట్లలో అలాంటిది లేదు. బ్రౌజర్ ఉన్న అక్షరాన్నే బలవంతంగా వాలుస్తుంది. అక్షరాలు కూర్చునే గీతకు పైనున్న తలకట్టు, గుడి కుడికి జరుగుతాయి, కిందున్న వత్తు ఎడమకు జరుగుతుంది. 'శాస్త్రం' అన్న మాటను చిన్న సైజులో వాల్చి చూడండి, స్త్ర దగ్గర ఏ వత్తు దేనిదో కళ్లు చిట్లించి వెతుక్కోవాలి. మన పుస్తకాల్లో ఒత్తి చెప్పే మాటను బొద్దుగా వేస్తాం, లేదా కొటేషన్లలో పెడతాం. ఈఎం అంటే ఇటాలిక్ అని హెచ్‌టీఎంఎల్ ఖరారు చేసి ఉంటే మనకు దారి ఉండేది కాదు. దాని అర్థం 'ఒత్తి పలికే మాట' అనే రాశారు. కనబడే తీరు గురించిన భాగాన్ని విడిగా పెట్టి, బ్రౌజర్లు ఇలా చేస్తాయని ఆశిస్తున్నాం అన్నారే తప్ప ఇలాగే చూపాలని పట్టుబట్టలేదు. అందుకే భాష తెలుగు అని గుర్తు పెట్టిన చోట ఈఎంను వాల్చకుండా బొద్దు చేయమని, కనబడే తీరు రాసుకునే స్టైల్‌షీట్‌లో ఒక్క వరుస రాస్తే సరిపోయింది. పాత పుస్తకాలు వందల కొద్దీ ఒక్కపూటలో బాగుపడ్డాయి. ఆ రోజు మా టీంలో అందరికీ పెట్టినంత మిఠాయి నేను జీతం పెరిగినప్పుడు కూడా పెట్టలేదు.

అలాగని పని గురించి గట్టిగా రాస్తే పని జరిగిపోతుందని కూడా అనుకోకండి. దీనికి 'క్యూ' ట్యాగు మంచి ఉదాహరణ. వాక్యం మధ్యలో ఎవరి మాటైనా ఎత్తి రాస్తే వాడేది. 1997 డిసెంబర్‌లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4 దానికి పని రాసిపెట్టింది: కొటేషన్ గుర్తులు బ్రౌజరే వేయాలి, రాసేవాళ్లు వేయకూడదు. ఆ తర్వాతి ఏళ్లలో ఎక్కువమంది వాడింది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే బ్రౌజర్. 2009లో ఎనిమిదో వెర్షన్ వచ్చేదాకా అది ఆ గుర్తులు వేయలేదు. రాసేవాళ్లు గుర్తులు పెట్టకపోతే అందులో ఎవరి మాట ఎక్కడ మొదలైందో తెలియదు. పెడితే మిగతా బ్రౌజర్లలో రెండేసి గుర్తులు పడతాయి. జనం ఏం చేశారు? ట్యాగునే వదిలేసి కీబోర్డు మీదున్న గుర్తు కొట్టుకున్నారు. అర్థం గుర్తించడానికి పెట్టిన ట్యాగు, కనబడే తీరు దగ్గర తగాదా పడి, ఏళ్ల తరబడి వాడకంలోనే లేకుండా పోయింది.

ఇంకొకటి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. హెచ్‌టీఎంఎల్ 5 కాలంలో విభాగాల లోపల ఎన్ని మొదటి స్థాయి శీర్షికలు పెట్టినా ఫరవాలేదు, ఏది దేని కింద ఉందో బ్రౌజర్ లెక్కేసుకుంటుందని స్పెక్‌లో ఒక పద్ధతి వివరంగా రాశారు. ఆ లెక్కను, తెర మీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందించే పని ఏ బ్రౌజరూ చేయలేదు. స్పెక్‌ను నమ్మి రాసిన పేజీల్లో చూపులేనివాళ్లకు శీర్షికలన్నీ ఒకే స్థాయిలో వినిపించాయి. 2022లో ఆ భాగాన్ని స్పెక్ నుంచి తీసేశారు. చదివినప్పుడు నాకు చిక్కడపల్లి కుర్రాడే గుర్తొచ్చాడు. ఎవరూ అమలు చేయని నియమాన్ని స్పెక్‌లో ఉంచడం ఏమీ రాయకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే మంచి మనసుతో నమ్మినవాళ్లే దానికి దొరికిపోతారు. మీ స్పెక్‌లో 'తప్పనిసరి' అని రాసే ప్రతి వాక్యాన్నీ కనీసం ఒక సాఫ్ట్‌వేర్‌లో చేసి చూశాకే రాయండి.

ఒక్కచోట మాత్రం నేను పూర్తిగా, ఏం చేయాలో స్పెక్‌లోనే రాయాలనే మీ రెండోవారి పక్షం. ఫైలును చదివే దశ. తెరిచిన ట్యాగు మూయకపోతే ఏం చేయాలి, బొద్దు లోపల ఇటాలిక్ తెరిచి బొద్దును ముందు మూసేస్తే ఏం చేయాలి, తెలియని ట్యాగు కనబడితే ఏం చేయాలి. ఇలాంటి తప్పుల సంగతి హెచ్‌టీఎంఎల్ 4 నిర్వచించలేదు. ఒక్కో బ్రౌజర్ ఒక్కో రకంగా సర్దుకుంది, మిగతావాళ్లు పోటీదారు ఏం చేస్తున్నాడో చూసి కాపీ కొట్టాల్సి వచ్చింది. 2004లో ఆపిల్, మొజిల్లా, ఒపేరా వాళ్లు కలిసి పెట్టుకున్న బృందం కూర్చుని, తప్పుడు ఫైలును కూడా అన్ని బ్రౌజర్లూ ఒకేలా చదివేలా అంచెలంచెలుగా రాసింది. ఎక్స్‌ఎంఎల్ 1998లోనే ఇంకో దారి పట్టింది: నిర్మాణంలో తప్పు కనబడితే అక్కడితో మామూలు పని ఆపెయ్యాలి. రెండు దారులూ నాకు సమ్మతమే, ఏదో ఒకటి స్పష్టంగా రాసి ఉండటం ముఖ్యం. ఏ ట్యాగు దేని లోపల ఉందో రెండు సాఫ్ట్‌వేర్లకు పొసగకపోతే, ఇక అర్థం గురించి మాట్లాడటానికి ఏం మిగులుతుంది?

ఎక్స్‌ఎంఎల్ వాడుతున్నారు కాబట్టి మూయని ట్యాగుల బెంగ మీకు లేదు. తెలియని ట్యాగు సంగతి మాత్రం మీరే రాసుకోవాలి. మేం కొత్తగా ఒక ట్యాగు చేర్చిన వారం, పాత ఈబుక్ సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టక, లోపలున్న పేరాతో సహా పడేసింది. ప్రూఫ్ చూసేవాళ్లకు దొరకలేదు, లేని పేరా ఎవరికి కనబడుతుంది? "తెలియని ట్యాగు ఎదురైతే దాని లోపలి పాఠాన్ని వదలకూడదు" అని ఒక వాక్యం ఆ తర్వాత చేర్చాం.

రాసే పద్ధతికి నాకు బాగా నచ్చింది డాక్‌బుక్. సాంకేతిక పుస్తకాల కోసం 1991లో మొదలైన ట్యాగుల సంపుటి అది. ప్రతి ట్యాగుకూ ముందు అర్థం ఉంటుంది, దాని పక్కన 'దీన్ని ప్రాసెస్ చేసేవాళ్ల నుంచి ఇది ఆశిస్తున్నాం' అనే చిన్న భాగం విడిగా ఉంటుంది. చాలా ట్యాగులకు అది రెండు మూడు వాక్యాలే. మేమూ అదే అలవాటు చేసుకున్నాం.

ఇక మీ 'జవాబు'. 'నొక్కితేనే' అన్న మాట వద్దు. అచ్చు పుస్తకంలో నొక్కేదేముంది? అలాగని 'ప్రశ్నకు జవాబు' అని వదిలేసినా, నా గమనికకు పట్టిన గతే పడుతుంది. నేనైతే ఇలా రాస్తాను: "ప్రశ్నకు సరైన సమాధానం. విద్యార్థికి సొంతంగా ప్రయత్నించే వీలు దొరకకముందే ఇది బయటపడకూడదు." అచ్చువాళ్లు పుస్తకం చివర్లో వేసుకుంటారు, యాప్ వాళ్లు నొక్కేదాకా దాచుకుంటారు, ఆడియో వాళ్లు కాస్త ఆగి చదువుతారు లేదా వినేవారు అడిగాక చదువుతారు. మీ ఇద్దరికీ కావలసింది ఇందులో ఉందనే అనుకుంటున్నాను.

ఖరారు చేసేముందు రెండు పనులు చేయండి. ఒకటి, మాదిరి లెక్కలు చూడండి. 'చేసి చూపిన లెక్క'లో సమాధానం వెంటనే కనబడాలి, అక్కడ దాచితే పాఠమే తెగిపోతుంది. దానికీ 'జవాబు' ట్యాగే వాడితే ఇదే నియమం అక్కడ తప్పు పని చేస్తుంది. ట్యాగుకు తగిలించే ఆట్రిబ్యూట్ అనే అదనపు గుర్తుతో వేరు చేయొచ్చు, కానీ సాయంత్రం ఆరింటికి బ్యాచ్ పంపాల్సిన హడావుడిలో ఆట్రిబ్యూట్ మరిచిపోతారు. రెండు వేర్వేరు ట్యాగులు పెట్టండి. రెండోది, 'వివరణ' అనే ట్యాగు ఉందా? ఉంటే దాన్నీ ఇదే నియమం కిందకు తీసుకురండి. మా ప్రశ్నల పుస్తకంలో జవాబును దాచాం, వివరణను మరిచిపోయాం. ఆడియోలో ప్రశ్న పూర్తయిన వెంటనే "ఆప్షన్ బి ఎందుకు సరైనదంటే" అని మొదలైంది. రెండు వందల ప్రశ్నలూ మళ్లీ చేయాల్సి వచ్చింది.